పెద్దమ్మ ఏడుపుపాట కోసం మైదుకూరు దాకా

మట్టి తీసి మనిషిని చేసి, ఆ మనిషి నోట మాట పెట్టిన దేవునికి స్తోత్రం. లోకమంతా ఎరిగిన భాషనూ, ఇంకా పుస్తకానికి ఎక్కని భాషనూ ఒకే చెవితో వింటున్న ఆయనకే మహిమ.

సైన్యంలో పనిచేసి వచ్చిన సహోదరుడొకాయన ఆ మధ్య మా సంఘంలో సాక్ష్యం చెప్పారు. కాశ్మీరు కొండల్లో పశువులు తోలుకుంటూ తిరిగే గుజ్జర్ల మాట గోజ్రీ అట. దానికి ఇప్పుడు పుస్తకాలున్నాయట, రేడియోలో పాటలొస్తాయట. అది విన్నప్పటి నుంచి నాకు నెమ్మది లేదు. మేం సుగాలీలం. చిన్నప్పుడే హాస్టల్లో వేసినందువల్ల మా ఇంటి మాట గోర్‌బోలి నాకు సరిగా పట్టుబడలేదు. ఆ మాటలో నన్ను పిలిచే అమ్మ పోయిన వేసవిలో ప్రభువు సన్నిధికి వెళ్లిపోయింది. ఇక మిగిలింది మైదుకూరు దగ్గర తండాలో ఉన్న అమ్మ అక్క, మా సోనీబాయి పెద్దమ్మ. ఆడవాళ్లు రాగం తీసి ఏడ్చే పాటలు ఆ తండాలో ఇప్పుడు ఆమెకే బాగా వచ్చు. వాటిని ఫోన్లో పట్టుకుని, అక్షరాల్లో పెట్టాలని బయల్దేరాను.

శనివారం ఉదయం ఆరింటికి కర్నూలులో కడప బస్సెక్కాను. ఆడవాళ్లకు ఉచితం, ఆధార్ చూపిస్తే సున్నా టికెట్ ఇస్తారు, కార్డు మరవకండి. నంద్యాలలో ఉగ్గాని, బజ్జీ తిన్నాను. పక్క సీట్లో ఆళ్లగడ్డకు పోయే అవ్వ "యాడికి పోతాండావు మా?" అని అడిగింది.

"మా పెద్దమ్మ మాటలు రికార్డు చేసుకోవడానికవ్వా."

"మాటలకు కరువొచ్చిందా ఏంది? మా కోడలి తావ శానా ఉండాయి, మూట కట్టుకోని పో!"

ముందు సీట్లవాళ్లు కూడా నవ్వారు.

పదిన్నరకు మైదుకూరులో దిగాను. బద్వేలు రోడ్డులో షేర్ ఆటో, ఆపైన పసుపు చేల మధ్య నడక. పెద్దమ్మ గడపలోనే నిలబడి, నన్ను చూసి రెండు చేతులూ చాచింది. నేను "వందనాలు పెద్దమ్మా" అని చేతులు జోడించి, లోపలికి వెళ్లి కుర్చీలో కూర్చుని ఫోను తీశాను. ఆమె చేతులు కాసేపు అలాగే ఉండిపోయాయి.

జొన్నరొట్టె, చెనిక్కాయల చట్నీ పెట్టింది. పాట మాత్రం పాడలేదు. ఎంత బతిమాలినా గొంతు బాగలేదంది. చివరికి, నాకు మా మాట సరిగా రాదని తెలుసు గనుక, తెలుగులోనే అంది:

"మీ అమ్మ సచ్చిపోయినాక మనం కలిసేది ఇదే మొదులు. ఏడ్సకుండా లోపలికొచ్చినావు. ఆ ఫోన్ను పట్టుకోని ఏడ్సమంటావా నన్ను?"

మావాళ్లలో ఇంట్లో ఒకరు పోయాక అయినవాళ్లు తొలిసారి కలిస్తే, ఆడవాళ్లు గడప దగ్గరే ఒకరినొకరు పట్టుకుని, పోయినవారిని తలుచుకుంటూ వంతులవారీగా రాగం తీసి ఏడుస్తారు. మంచినీళ్లు కూడా ఆ తర్వాతే. అప్పట్లో తుంటి విరిగి ఉండటంతో అమ్మ సమాధి కార్యక్రమానికి పెద్దమ్మ రాలేకపోయింది. మేమేమో పునరుత్థాన నిరీక్షణతో, స్తుతి పాటలతో అమ్మను సాగనంపాం. ఆ నిరీక్షణ సత్యం, దాన్ని నేను వదలను. కానీ చనిపోయిన స్నేహితుణ్ణి తానే తిరిగి లేపుతానని తెలిసీ, ప్రభువు మొదట అతని కోసం ఏడ్చాడు. సండే స్కూలు పిల్లలకు ఆ సంగతి ఎన్నిసార్లు చెప్పానో.

లేచి బయటికి వెళ్లాను. మళ్లీ గడప దగ్గరికి వచ్చాను.

పెద్దమ్మ నా మెడ చుట్టూ చేతులు వేసింది. రాగం లేచింది. అమ్మ పేరు, అమ్మ మేపిన ఆవుల పేర్లు, అక్కాచెల్లెళ్లు నీళ్లు మోసిన వంక పేరు వరసగా వచ్చాయి. మిగతాది సగం అర్థం కాలేదు. మధ్యలో ఆమె ఆగింది. అది నా వంతు. నా నోట ఒక్క మాటే వచ్చింది: "యాడీ." అమ్మా అని. పెద్దమ్మ ఆ ఒక్క మాటనే ఎత్తుకుని పాటను ముందుకు నడిపించింది. ఫోను కుర్చీలోనే ఉంది.

మొహం కడుక్కున్నాక, ఇంకొక్కసారి పాడమని అడిగాను.

"పాడతాలే, మళ్లా రా. నీ కూతుర్ని గూడా తోడుకోని రా. రేపు నేను పోతే యా మాటతో ఏడుస్తావే నన్ను? ఆ ఒక్కదాంతోనేనా?" అని కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది.

సాయంత్రం మైదుకూరులో కర్నూలు బస్సు దొరికింది. ఆ రాగం ఆళ్లగడ్డ దాటేదాకా నా నోట్లో ఆడింది. నంద్యాల బస్టాండు రొదలో జారిపోయింది. ఎంత వెతికినా మళ్లీ దొరకలేదు.

చదువుతున్న మీరు నాతో కలిసి ఇలా ప్రార్థించండి: ప్రభువా, ఆ పెద్దమ్మ గొంతును ఇంకొన్నాళ్లు నిలుపు. ఇది రాసిన ఈమె మళ్లీ ఆ గడప దగ్గర నిలబడినప్పుడు, తన వంతు రాగానే, ఈమె నోట రెండో మాట పెట్టు. ఆమేన్.