సంజీవరావు డిస్కులకిచ్చిన విశ్రాంతి

అల్లూరు బజారులో ఫొటో స్టూడియో నడిపే సంజీవరావు శనివారం పొద్దున షట్టరు ఎత్తగానే చేసే మొదటి పని ఫొటోలు దాచుకునే కంప్యూటరు డిస్కు మార్చడం. బల్ల కింద ఒక నల్ల ఇనప పెట్టె ఉంటుంది. అందులో రెండు అరలు. ఒక అరలో డిస్కు తిరుగుతూ ఉంటే, దాని జోడీ అలమరలో బైబిలు పక్కన తువ్వాలు చుట్టుకుని పడుకుని ఉంటుంది. శనివారం పడుకున్నదాన్ని లేపి ఖాళీ అరలో పెడతాడు. పెట్టె కాసేపు అరిచి, పాతదానిలో ఉన్నదంతా దీనిలోకి దింపుతుంది. మరునాడు ఆరాధన నుంచి వచ్చాక, వారమంతా తిరిగినదాన్ని బయటికి లాగి తువ్వాలు చుడతాడు. "ఇంక నువ్వు పడుకోరా అబ్బయ్యా" అంటాడు కూడా.

ఒకదానిలో ఉన్నదే రెండోదానిలో ఉంటుంది గనక కవలలని, బైబిల్లోని కవలల పేర్లే తీసుకుని ఒకదాని మీద ఏశావు, ఇంకోదాని మీద యాకోబు అని తెల్లరంగుతో రాసుకున్నాడు. భార్య పరంజ్యోతి దానికి నవ్వేది. "మన పిల్లకాయలకి పేర్లు పెట్టడానికి నెలల తరబడి ఆలోచించినావు. ఇనప ముక్కలకి ఒక్క పూటలో పెట్టేసినావే!"

ఈ విశ్రాంతి ఎక్కడిదంటే రొయ్యల గుంట దాకా పోవాలి. స్టూడియో గిరాకీ సెల్‌ఫోన్ల పాలైన రోజుల్లో సంజీవరావు ఇసకపల్లి దోవలో ఒక గుంట కౌలుకు తీసుకున్నాడు. రొయ్యకు మేత ఎంత ముఖ్యమో గాలి అంత ముఖ్యం. నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరేటరు ఆగిందంటే తెల్లారేసరికి పంటంతా పైకి తేలుతుంది. ఆ ఏరేటర్లకు మోటార్లుంటాయి. తెరపి లేకుండా తిప్పితే లోపలి రాగి తీగ చుట్ట కాలిపోతుంది. అందుకని రెండు వరసలు పెట్టుకుని, ఒక వరస తిరిగితే రెండో వరసను ఆపి ఉంచేవాడు. దుక్కిటెద్దును మార్చి కట్టడం, చేనును బీడు పెట్టడం లోకమంతటా ఉన్నదే. మోషే ధర్మశాస్త్రమైతే ఏడో ఏట భూమికే సెలవిచ్చింది. సంజీవరావు కూడా తను చేసేది వాక్యానుసారమనే అనుకునేవాడు. తెల్లమచ్చ తెగులు వచ్చి గుంట పోయింది. ఆయన తిరిగి కెమెరా పట్టుకున్నాడు. కానీ తిరిగేదేదైనా, దానికి విశ్రాంతి ఇవ్వాలన్న నమ్మకం మాత్రం పోలేదు.

ఆ పెట్టెలో ఉన్నది ఆయన ముప్పై ఏళ్ళ పని. సముద్రపు గాలి తగిలే ఊళ్ళో నెగటివులకు బూజు పడుతుంది. పూర్వం ఇలాంటి చోట్ల తాటాకు పుస్తకాన్ని పురుగు తినకముందే కొత్త ఆకుల మీదికి ఎక్కించేవారు. అలా ఎత్తి రాసుకోబట్టే అవి మన దాకా వచ్చాయి. సంజీవరావూ అదే చేశాడు. గుంట పోయిన తరవాత రెండేళ్ళు కూర్చుని, దొరికిన ప్రతి నెగటివునూ స్కానింగు చేయించి కంప్యూటరులోకి ఎక్కించి, బూజు పట్టిన మూటలను తగలబెట్టాడు. నిఖాలు, బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, బడి గ్రూపు ఫొటోలు, అన్నీ. ఎవరింట్లోనైనా మనిషి పోతే ముందు ఈయన దగ్గరికే వస్తారు. ఫలానా పెళ్ళిలో మా నాయన వరసలో చివర నిలబడినాడు, ఆ ముఖం పెద్దది చేసి ఇవ్వన్నా అంటారు. "మీరు పారేసుకున్నా నా దగ్గరుంటది" అన్నది ఆయన ఊరందరికీ ఇచ్చిన మాట.

డిస్కులిచ్చింది షాహనా. రేడియోలు బాగుచేసే మహబూబ్ బాషా కూతురు. తండ్రి కూర్చున్న కొట్లోనే ఇప్పుడు కంప్యూటర్లు, సీసీ కెమెరాలు బాగుచేస్తుంది. డిస్కుల్లో రెండు రకాలని అప్పుడే చెప్పింది, మామూలువీ, సర్వర్లలో పెట్టేవీ అని. తేడా ఏందమ్మా అని అడిగితే, "మామూలుది పగటి కూలి లాంటిదన్నా. సర్వరు డిస్కు రాత్రింబగళ్ళు నిలబడతది. స్టూడియోకి మామూలుది చాల్లే" అంది. ఆమె మాటవరసకన్న పగటి కూలిని ఆయన పట్టుకున్నాడు. కూలివాడైతే మార్చి మార్చి దించాలిగా మరి!

ఆ శనివారం ఏశావు తిరుగుతున్నాడు. యాకోబును లేపి అరలో పెట్టాడు. దింపడం సగమైందో లేదో ఏశావు ఎదుటి దీపం ఎర్రబడింది. పెట్టె ఆపకుండా అరిచింది. కంప్యూటరులో చూస్తే ఒక్క ఫొటో లేదు. సంజీవరావు డిస్కు తీసి పెట్టాడు, పెట్టెను ఆపి మళ్ళీ వేశాడు, ప్రార్థన చేశాడు. చివరికి పెట్టెను దుప్పట్లో చుట్టి, స్కూటరు ముందు కాళ్ళ మధ్య పెట్టుకుని షాహనా కొట్టుకు పోయాడు.

షాహనా పెట్టె మూత విప్పుతూ అడిగింది. "రెండూ ఎప్పుడూ లోపలే ఉన్నాయి గదన్నా?"

"రెండూ ఎందుకుంటాయమ్మా? ఒకటి తిరిగితే ఒకటి రెస్టులో ఉంటది."

"రెస్టేంది?"

ఆయన ఏరేటర్ల సంగతితో మొదలుపెట్టి అంతా చెప్పాడు. షాహనాకు ముందు నవ్వు వచ్చింది. తెల్లరంగు పేర్లు చూసి మరీ వచ్చింది. తరవాత నవ్వు ఆగిపోయింది.

"యా అల్లా! అన్నా, వారంవారం మొత్తం దింపించినావా? అదేమన్నా రెస్టా? వారమంతా చేసే పనికన్నా ఆ ఒక్క రోజు పనే ఎక్కువ గదా దానికి! రెండూ కలిసి తిరగాల. ఒకటి పడిపోతే రెండోది నిలబడాల. అందుకు గదా ఆ పెట్టె!"

"పగటి కూలి అన్నావు గదమ్మా నువ్వు."

షాహనా స్క్రూడ్రైవరు బల్ల మీద పెట్టి, "అన్నాను" అంది. "ఇంకో తప్పు గూడా ఉండాది, అది పూర్తిగా నాదే. ఈ పెట్టెకి మామూలు డిస్కులు ఇయ్యకూడదు నేను."

ఆమె చెప్పింది ఇదీ. డిస్కు మీద ఎక్కడో ఒక చిన్న చోటు చెడుతుంది. సర్వరు డిస్కుకు పక్కన జోడీ ఉంటుందని తెలుసు. చెడిన చోటు చదవలేకపోతే కాసేపు చూసి, నావల్ల కాలేదు, జోడీని అడుగు అని పెట్టెకు చెప్పేస్తుంది. మామూలు డిస్కు ఇంట్లో ఒంటరిగా బతికేది. తను చదవకపోతే చదివేవాళ్ళు లేరని ఆ చోటునే పట్టుకుని మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. పెట్టె పిలిచినా పలకదు. పెట్టెకు అంత ఓపిక లేదు, చచ్చిందనుకుని బయటికి గెంటేస్తుంది.

"అంటే ఏశావు చావలేదా?"

"చావలా. జబ్బుతో ఉండాడు. యాకోబులో సగం పాతది, సగం కొత్తది కలిసిపోయింది, అది పనికిరాదు. ఉన్నది ఈ ఒక్కడే. వీడు పోతే అంతే."  తగలబెట్టిన నెగటివుల మూటలు సంజీవరావుకు గుర్తొచ్చాయి.

ఏశావును పెట్టె నుంచి వేరు చేసి ఒంటరిగా ఒక కంప్యూటరుకు తగిలించింది. కొత్త డిస్కు ఒకటి పక్కన పెట్టింది. ముందు బాగున్న చోట్లన్నీ ఎత్తి రాసుకుని, మొండి చోట్లను చివరికి వదిలేసి, మళ్ళీ వచ్చి బతిమాలే ప్రోగ్రాము నడిపింది. ఆదివారం ఆయన ఆరాధనకు పోలేదు, కొట్టు ముందు స్టూలు మీద కూర్చున్నాడు. ఏశావు కాసేపు మెత్తగా తిరిగేవాడు, కాసేపు టిక్కు టిక్కుమనేవాడు. టిక్కుమన్నప్పుడల్లా సంజీవరావు లేచి నిలబడేవాడు.

పరంజ్యోతి క్యారేజీ తెచ్చింది. "గుంటలో రొయ్యలు తేలినప్పుడు గూడా ఇట్టా కూర్చోలేదు ఈయన" అంది షాహనాతో. "నిన్ను ఒక్కసారి అడిగుంటే ఏం పోయింది? నా మీదైతే ఎప్పుడన్నా ఇంత కనికరం పుట్టిందా, వారానికొక రోజు నన్ను తువ్వాలు చుట్టి పడుకోబెట్టినాడా?"

షాహనా పగలబడి నవ్వింది. సంజీవరావు నవ్వలేదు. "అదిగో, మళ్ళీ టిక్కుమంటాడు" అన్నాడు.

సోమవారం మధ్యాహ్నానికి ఏశావు ఇవ్వగలిగినంతా ఇచ్చి ఇక పలకలేదు. దాదాపు అన్నీ వచ్చాయి. రానివి కొన్ని పాస్‌పోర్టు ఫొటోలు, ఒక నిఖా. బజారులో టైలరు యాసీన్‌ది.

"అదృష్టమన్నా" అంది షాహనా. "సర్వరు డిస్కయితే ఇంత మొండిగా ఇచ్చేది కాదేమో."

"అట్టయితే మళ్ళీ మామూలువే ఇయ్యి."

"పెట్టెలోకి కాదు. పెట్టెలోకి సర్వరువి రెండు. వాటిని నువ్వు ముట్టుకోకూడదు. మామూలుది ఒకటి విడిగా. నెలకొకసారి అంతా దానిలోకి ఎక్కించి, తీసి, వేరే ఇంట్లో పెట్టాల. దానికి కావలసినంత రెస్టు ఇచ్చుకో."

"మనుబోల్లో మా చెల్లెలింట్లో పెడతాం" అంది ఆ పూటా క్యారేజీ తెచ్చిన పరంజ్యోతి వెంటనే. "ఈయన చేతికి అందకుండా ఉంటది."

సంజీవరావు ఒప్పుకున్నాడు. కానీ ఆయన మనసు డిస్కుల మీద లేదు. యాసీన్ వచ్చి అడిగే దాకా చెప్పకుండా ఉండవచ్చు. అసలు ఎప్పటికీ అడగకపోవచ్చు. ఆ సాయంత్రమే కెమెరా సంచీ తగిలించుకుని వాళ్ళింటికి నడిచాడు. యాసీన్ కొట్లో ఉన్నాడు. భార్య అస్మా గుమ్మంలో బియ్యం చెరుగుతూ ఉంది.

"మీ నిఖా ఫొటోలు నా దగ్గర పోయినాయమ్మా. నా తప్పే."

అస్మా బియ్యం గిన్నెలో పోసి చేట పక్కన పెట్టింది. "మా దగ్గర ఆల్బం ఉండాది గదన్నా?"

"అదే అడగను వచ్చినా. ఈడనే ఒక్కో పేజీని ఫొటో తీసుకుని మళ్ళీ నా దగ్గర పెట్టుకుంటా."

ఆమె లోపలి నుంచి బరువైన ఆల్బం తెచ్చి అరుగు మీద పెట్టింది. ఒక పేజీ అంటుకుపోయి ఉంది, మరో పేజీలో ఒక ఫొటో ఎవరో పీక్కుపోయారు. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని కెమెరా సరిచూసుకున్నాడు.

"ఆ రోజు నవ్వొద్దు, నవ్వొద్దని నన్ను చంపినావు" అంది అస్మా. "చూడు, ఒక్కదాంట్లో అన్నా పళ్ళు కనపడతాయా?"

"అప్పట్లో అట్టనే తీసేవాళ్ళమమ్మా. ఎండ పడి ప్లాస్టిక్ మెరుస్తాండాది, ఆ చేట ఇట్టా అడ్డం పట్టుకో."

ఆమె చేట ఎత్తి పట్టుకుంది. ఆయన మొదటి పేజీని ఫొటో తీశాడు.