ఉత్తరవాహినిల అత్తమ్మ తానం

మొన్న కార్తీకంల చెన్నూరు కాడ నేను చేసిన ఘనకార్యం మీకు తెల్సా? తెల్వకపోతె నేనే చెప్త. అత్తమ్మ నోట వింటె ఇంకింత కలిపి చెప్తది.

లగ్గమైనంక ఎనిమిది నెల్లకు నాకు బెల్లంపల్లి బడిల సారు కొలువు దొరికింది. కిరాయి ఇల్లు మాట్లాడుకున్న, గిన్నెలు కొన్న, ఇగ నా పెండ్లాన్ని తోలుండ్రని ఆసిఫాబాద్ల అత్తగారింటికి పోయిన. అత్తమ్మకు మొక్కు ఉన్నదట. ఉత్తరవాహినిల తానం జేసినంకనే బిడ్డను తోలిస్తదట. గోదారి అంతట తూర్పుకు పారుతది, చెన్నూరు కాడ ఉత్తరం దిక్కు మర్లుతది. గందుకే గక్కడ ఉత్తరవాహిని అంటరు. మునిగితె కాశీల మునిగినంత పుణ్యమట. గంతేనా, నేనే తీస్కపోత అన్న. భూగోళం చెప్పే సారును గదా! బడిల దిక్సూచి గూడ అడిగి జేబులేసుకున్న.

రేవు కాడ జనం మస్తుగున్నరు. అత్తమ్మ కొంగు నడుముకు చెక్కి దిగవోయింది. జర ఆగుమని, ఆమె బట్టలు తెచ్చిన ఇనుప సందూక మీద దిక్సూచి పెట్టిన. మొగులు పట్టి పొద్దు కానొస్తలేదు. ముల్లును బట్టి సూస్తె నీళ్లు తూర్పుకే పోతున్నయి! గీ జనానికేం తెల్సు అని నవ్విన. అత్తమ్మ నమ్మలే గని, సదువుకున్న అల్లుడు చెప్తుండు గదా, పాపం ఒడ్డుకొచ్చింది.

సందూక నెత్తిన పెట్టుకోని ఇసుకల ఆమెను కోసెడు దూరం నడిపిచ్చిన. ఒక మలుపు కాడ మళ్ల సందూక దించి, దిక్సూచి పెట్టి, గిదే ఉత్తరవాహిని అన్న. చలికి వణుక్కుంట మూడు మునుగులు మునిగింది.

గక్కడ వల ఆరేస్తున్న ముసలాయన, గింత దూరం ఎందుకొచ్చిండ్రని అడిగిండు. గిక్కడ తూర్పుకు పారుతది, ఉత్తరవాహిని మీరొచ్చిన రేవు కాడనే అన్నడు. దిక్సూచిని తీసి ఇసుక మీద పెట్టిన. ముల్లు గిర్రున తిరిగి ముసలాయన చెప్పిందే చెప్పింది. ఇనుము పక్కన దిక్సూచి పెట్టొద్దని వారం కింద పిల్లలకు చెప్పింది నేనే!

అత్తమ్మ తడి చీరతోనే వాపస్ నడిచి, రేవుల మళ్ల మునిగింది. ఇగ బిడ్డను తోలదని నాకు ఒకటే పరేషాన్. ఒడ్డుకొచ్చి జుట్టు పిండుకుంట అన్నది:

"బిడ్డను రేపే తోలిస్త అల్లుడా. గని తొవ్వల అది ముందు నడుస్తది, నువ్వు ఎన్క నడువు."

సిగ్గయింది గని సరే అన్న. నా పెండ్లాం ఎన్నడూ బెల్లంపల్లి మొకం సూడలే. అయినా రైలు దిగినంక ఇద్దర్ని అడిగి సక్కగ కిరాయి ఇంటి ముందటికి తీస్కపోయింది. నేను మొదటిసారి ఒక్కన్నే పోయిన్నాడు గా ఇల్లు దొరకక రెండుసార్లు టేషన్‌కే తిరిగొచ్చిన.