వెంకటసుబ్బమ్మత్త చేటలో వాన

మా వెంకటసుబ్బమ్మత్త ఎవరి మాటా ఓ పట్టాన నమ్మదు. మామ పోయాక రొద్దం దగ్గర నాలుగెకరాల మెట్ట ఒంటిచేత్తో సాగు చేస్తోంది. ఈసారి శెనక్కాయలు ఒలిచి, విత్తనాలు సంచిలో పెట్టుకుని ఎదురుచూస్తోంది. ఈ వారం వాన పడకపోతే అదను దాటుతుంది. ఇక చేను బీడే.

సరిగ్గా ఆ వారమే నేను మైకులు మోసుకుని ఆమె ఇంటికి దిగాను. హిందూపురంలో మేం తీసిన షార్ట్ ఫిల్మ్‌లో ట్యాంకరు నీళ్ళతో వాన కురిపించాం. తెరమీద వాన ఉంది, వినబడేదేమో ట్యాంకరు మోటారు. వాన చప్పుడు వేరుగా రికార్డు చేద్దామంటే మా సందులో ఆటోల గోల.

అత్త రేకుల ఇంట్లో స్టాండు నిలబెట్టి, మైకుకు బొచ్చు తొడుగు తగిలించి, వైర్లు పరిచాను. బొమ్మలో వాన పడనే పడింది కదా, మళ్ళీ సద్దు చేసేదేమిటని అడిగింది. చెప్పాను. అర్థం కాలేదంది. మళ్ళీ చెప్పేసరికి నాకూ అర్థం కాకుండా పోయింది. పళ్ళెంలో నీళ్ళు పోస్తే హెడ్‌ఫోన్లో బజ్జీలు వేగుతున్నట్టుంది. నీళ్ళు వానలా ఎందుకు వినబడవో ఆ దేవుడికే తెలియాలి! విసుగొచ్చి స్టాండును ఓ తన్ను తన్నాను.

నా అవస్థ చూడలేక అత్త సంచి విప్పింది. విత్తనాలు నన్ను ముట్టనివ్వలేదు, పొట్టు ఊడితే మొలవవట. తనే చేటలో పోసుకుని నెమ్మదిగా అటూ ఇటూ దొర్లించింది. అచ్చం వాన. హెడ్‌ఫోన్లు ఆమె చెవులకు పెట్టాను. కాసేపు విని, అన్నీ పక్కనపెట్టి వాకిట్లోకి పోయి ఆకాశం చూసొచ్చింది.

"ఎండ కాస్తాండాది కదప్పా. మరి యాడ పడతాండాది?" అంది.

నవ్వబోయి ఆగిపోయాను. పాపం అనిపించింది.

సాయంత్రం మళ్ళీ మొదలుపెట్టాం. నేను హెడ్‌ఫోన్లు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. చేటలో వాన బ్రహ్మాండంగా కురుస్తుంటే ఉన్నట్టుండి పైన రేకుల మీద దడదడ. ఎవరో రాళ్ళు వేస్తున్నారని ఒళ్ళు మండి, ఎవరురా అది అని అరిచి కళ్ళు తెరిచాను.

అత్త చేట దించి, గడపలోంచి చెయ్యి బయటికి చాపి ఉంది. తడిసిన చెయ్యి తెచ్చి నా చెంపకు ఆనించింది.

"ఇది నిజం వానేనా క్రాంతీ?"

నిజమేనన్నాను. హెడ్‌ఫోన్లో మాత్రం బజ్జీలే వేగుతున్నాయి. అత్తా, చేటతో ఇంకొక్కసారి అని బతిమాలాను. ఆమె అప్పటికే గింజలు సంచిలో పోసి మూతి కడుతోంది.

"నీ వాన చాల్లేబ్బా. గింజలు చేనికి కావల్ల."