మా అన్న కట్టిన కిటికీ దొర వేషం

మొన్న ఆదివారం జనగామలో మా మనవరాలు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఫోనులో ఒక కొత్త సినిమా చూపించింది. కథ మాత్రం పాతదే, మన ఈడు వాళ్ళందరం అట్టలు ఊడిపోయేదాకా చేతులు మార్చుకుని చదివిన ఆ నవలే. ప్రేమించిన పిల్ల వేరే ఇంటి కోడలై పోతే, ఆ ఇంటికి ఎదురుగానే మేడ కొనుక్కుని, ఆమెను పలకరించక, అలాగని కిటికీ రెక్కా మూయక, లోలోపల కుమిలి కుమిలి చచ్చిపోయే జమీందారు బిడ్డ కథ. మా అవ్వ, మా వైపు కన్నతల్లిని అట్లాగే పిలుస్తాం, అతనికి కిటికీ దొర అని పేరు పెట్టింది, మా ఇంట్లో అదే ఖాయమైపోయింది. ఈ కొత్త దొర గడ్డం పెంచాడు, తల దువ్వుకోడు, అన్నిటికంటే వింత, అచ్చం మన మాట మాట్లాడుతాడు. "నాకేం గాలే, నువ్వు పైలం" అని అతను జాగ్రత్త చెప్పేసరికి మనవరాలు వెక్కి వెక్కి ఏడ్చింది. నేను లేచి వంటింట్లోకి పోయి కుళాయి తిప్పుకుని నిలబడ్డాను.

ఈ దొరను నేను చాలామందిలో చూశాను. నలుపు తెలుపు సినిమాలో చేసినాయన మనకు ముఖం చూపించేవాడే కాదు, కిటికీ వైపు తిరిగి నిలబడితే ఆయన వీపు చూసే మేము ముక్కులు చీదేవాళ్ళం. కొంచెం మెడ వంచితే చాలు, లోపల ఎంత గాయముందో తెలిసేది. తర్వాత రంగుల్లో వచ్చినతను శాలువా కప్పుకుని, గ్లాసులు పగలగొట్టి, పెద్దగా ఏడ్చాడు. హాలంతా గుండెలు బాదుకుంటుంటే మా అవ్వ మాత్రం, "గింతగనం ఏడిస్తే ఇంక లోపల ఏం మిగులుతదే?" అని పల్లీలు ఒలుచుకుంటూ కూర్చుంది. ఆమె దగ్గర ఎవరి పప్పులూ ఉడికేవి కావు. అయితే ఆ ఇద్దరిలో ఒకటే పోలిక, ఇద్దరూ పుస్తకంలో ఉన్నట్టే మాట్లాడేవాళ్ళు. మనలాగా మాట్లాడేది మాత్రం దొర ఇంట్లో నౌకరు. వాడు నోరు తెరిస్తే హాలు నవ్వేది, మేమూ నవ్వేవాళ్ళం. మన మాట తెరమీద వినబడితే నవ్వాలన్నది మనకు ఎవరూ నేర్పకుండానే వచ్చేసింది, ఏం చేస్తాం!

మా అన్న నర్మెట్టలో పుట్టి, మహదేవపూర్ పక్కన ఒక పల్లెలో పంతులు ఉద్యోగానికి పోయాడు. మమ్మల్ని కన్న బాపు అప్పటికే లేడు, అవ్వనూ నన్నూ అన్నే వెంట తీసుకుపోయాడు. నాటకాలంటే పిచ్చి మనిషి. తోటి పంతుళ్ళను పోగుచేసి ఈ నవలనే నాటకం కట్టి, దొర వేషం తానే పట్టాడు. ఆ భాష పట్టుబడటానికి ఎన్ని అవస్థలో! బావి దగ్గర నీళ్ళు చేదుతూ, పశువులకు గడ్డి వేస్తూ, "ప్రియతమా, నా హృదయము శిథిలమైనది" అని గొణిగేవాడు. అవ్వ దడి అవతలినుంచి, "ఎవరింటి చుట్టమొచ్చిండే, జర కాళ్ళకు నీళ్ళియ్యి" అని ఆట పట్టించేది. అన్న సిగ్గుపడి నవ్వేవాడు. ఎంత అందమైన నవ్వో ఎట్లా చెప్పను.

ఆ రోజుల్లో అటు పక్క పొద్దుగూకినాక నలుగురు ఒకచోట చేరితే అటు అడవిలోవాళ్ళకూ అనుమానమే, ఇటు పోలీసులకూ అనుమానమే. అందుకని నాటకం మధ్యాహ్నం వేసేవాళ్ళు, బడి ఆవరణలో టార్పాలిన్లు కట్టి చీకటి చేసి. వరికోతలు అయిపోయిన తర్వాత ఒకనాడు అట్లాగే వేశారు. ఊరు ఊరంతా వచ్చింది. అన్న మూడు వంతుల నాటకం నడిపించాడు, నేను చెబుతున్నాను వినండి, నలుపు తెలుపు ఆయన కూడా మా అన్న ముందు దిగదుడుపే. ఊరివాళ్ళు చీమ చిటుక్కుమనకుండా చూశారు.

చివరి రంగంలో దొర కిటికీ పక్కన కూర్చుని వీడ్కోలు చెప్పాలి. అన్న కూర్చున్నాడు. ఒక మాట మొదలుపెట్టి ఆపేశాడు, చెయ్యి ఛాతీ మీద పెట్టుకున్నాడు, రంగు చెమటకు కారిపోతోంది. "అవ్వా, ఛాతిల పట్టేసినట్టయితాందే. జర నీళ్ళియ్యుండ్రి" అన్నాడు.

జనం ఘొల్లుమన్నారు. దొర నోట ఆ మాట రాగానే అది హాస్యమే అనుకున్నారు. వెనకనుంచి ఎవడో, "అరె, దొర మనోడయిండ్రా! వన్స్ మోర్!" అని అరిచాడు, ఇంక అందరూ అందుకున్నారు. అన్న లేవబోయి, కుర్చీ పట్టుకుని, "కాదు, నిజంగనే నొస్తాంది" అన్నాడు. ఇంకా నవ్వారు. చంకల్లో పిల్లలు కూడా నవ్వారు. అవ్వ లేచి, కొంగు జారిపోతుంటే పట్టించుకోకుండా, "నా కొడుకు ఆటాడుతలేడురో, పరదా దించుండ్రి!" అని గొంతు చించుకుంది. ఆమె మాటా మన మాటే కదా, అది కూడా నాటకంలోదే అనుకున్నారు. నేను జనాన్ని తోసుకుంటూ పోతుంటే ఒకామె నన్ను పట్టుకుని కూర్చోమని గదమాయించింది. అన్న కుర్చీతో సహా పడిపోయినాకగాని ఆ నవ్వు ఆగలేదు. దేవుడా, ఆ నవ్వు!

ఆ తర్వాత అదే జనం ఏడుస్తూ అన్నను చేతుల మీద మోసుకుపోయి జీపులో ఎక్కించారు. భూపాలపల్లి దవాఖానకు అడవి దారి. తల అవ్వ ఒళ్ళో, కాళ్ళు నా ఒళ్ళో. అవ్వ కొంగుతో ముఖం రంగు తుడుస్తూ, "యాడ నొస్తాంది నాయినా, చెప్పు బిడ్డా" అని అడుగుతూనే ఉంది. అన్న కళ్ళు తెరిచి, ఒక్కో మాటా కూడబలుక్కుని, "అమ్మా, గుండెలో మిక్కిలి బాధగా ఉన్నది. ఇది నటన కాదు, నమ్ము" అన్నాడు.

మతి తప్పి మాట్లాడుతున్నాడనుకున్నాను. కాదు. మన మాటలో రెండుసార్లు చెప్పి చూశాడు, ఎవరూ నమ్మలేదు. దొర భాషలో చెబితేనన్నా నమ్ముతామని, ఊపిరి అందని ఆ మనిషి పుస్తకం మాటలు వెతుక్కుంటున్నాడు. అవ్వకూ తెలిసిపోయింది. "మన లెక్కనే మాట్లాడు నాయినా, నేను నమ్ముతనే ఉన్న" అని అతని చెంపలు పట్టుకుని బతిమాలింది. డ్రైవరును తిట్టింది, కొండకూ కోనకూ మొక్కింది. అన్న మళ్ళీ "అమ్మా" అన్నాడు. దవాఖాన గేటు కనబడకముందే పోయాడు.

ఇప్పుడు మన మాటలో కథానాయకుడు కష్టం చెప్పుకుంటే జనం ఏడుస్తున్నారట, మంచిదే, నా మనవరాలి కన్నీళ్ళు నిజమైనవే. మన భాషకు ఇంత మర్యాద వచ్చినందుకు సంతోషపడాలని నాకూ తెలుసు. కాని ఆ సంతోషం నాకు గొంతు దిగదు, అంత ఆలస్యంగా ఎందుకొచ్చిందని ఎవరినన్నా పట్టుకుని కొట్టాలనిపిస్తుంది.

మా ఇంట్లో "అమ్మా" అన్న పిలుపు అంతకుముందు ఏనాడూ ఎవరి నోటా రాలేదు. అవ్వ బతికినన్నాళ్ళూ, బియ్యం ఏరుతూనో తల దువ్వుకుంటూనో ఉన్నట్టుండి, "గప్పుడు వాడు పిలిచింది నన్నేనా బిడ్డా?" అని అడిగేది. నిన్నే అవ్వా, అని నేను చెబుతూ వచ్చాను.