లక్కన్న ఉపవాసం

2006లో నేను గూడెం కొత్తవీధి ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసర్‌ని. కాఫీ పళ్లు కోసే కాలంలో ఒకరోజు లక్కన్నను డోలీలో మోసుకొచ్చారు. కొయ్యలా బిగుసుకుపోయాడు, ఒళ్లు కాలిపోతోంది, గుటక పడటం లేదు. నాకు మాత్రం ఒళ్లు మండింది. కిందటి నెల ఇదే మనిషి తన తోటలో తనే పళ్లు కోసుకున్నాడు మరి.

లక్కన్నకు పార్కిన్సన్స్. మెదడులో కొన్ని కణాలు పాడై చేతులు వణికి, కాళ్లు బిగుసుకుని, గొంతు కూడా పీలగా అయిపోయే జబ్బు. లెవోడోపా మాత్ర వేళకు పడితే మనిషి తిరుగుతాడు. ఉన్నపళంగా ఆపితే జ్వరం ముంచుకొచ్చి ప్రాణం మీదికొస్తుంది. ఈ మాట బడి పంతులమ్మగా చేస్తున్న ఆయన కూతురు ఎస్తేరుకి ఎన్నిసార్లు చెప్పానో!

"మాత్రలు వేస్తున్నావా?" అన్నాను.

"లేదు మేడమ్. ఉపాసం ఉంచినాను."

"ఉపవాసమేంటమ్మా?"

"పేపర్లో రాసినారు మేడమ్. ఆకలితో ఉంటే కణాలు లోపలి సెత్తని అయ్యే తినేత్తాయంట. ఆటోఫజీ అంట. నాన్న జబ్బు ఆ సెత్త వల్లే కదా? మా చర్చిలో ఎలాగూ ఉపాస ప్రార్థనలు జరుగుతున్నాయని..."

"మరి మాత్ర?"

"ఉపాసంలో మాత్రేటి మేడమ్? నీళ్లు తప్ప నోట్లో ఏటీ ఎయ్యకూడదు."

తల పట్టుకున్నాను. లక్కన్న జన్మలో చర్చి గుమ్మం తొక్కినవాడు కాదు! పోనీ పేపర్లో రాసింది అబద్ధమా అంటే అదీ కాదాయె.

"ఆ పనిని పెంచే మందుల కోసం వెతుకుతున్నారు, నిజమే. కానీ అదింకా ఎలుకల మీద ప్రయోగాల దగ్గరే ఉంది తల్లీ! బక్కచిక్కిన ముసలాయన్ని మాడిస్తే ముందు కండ కరుగుతుంది" అని అరిచాను.

విశాఖ పంపుదామంటే ఘాట్ రోడ్డు దిగేదాకా తట్టుకునేలా లేడు. ముక్కులోంచి గొట్టం వేసి, మాత్ర నీళ్లలో కరిగించి పోశాం. తర్వాత గంజి. జ్వరం దిగేదాకా నాకు భయం పోలేదు.

వారం తిరిగాక లక్కన్న పెదాలు కదిపాడు. వంగి చెవి దగ్గర పెడితేగాని వినపడలేదు.

"ఆకలేత్తందని రోజూ సెప్పినాను తల్లీ. ఇది ఇన్లేదు."

పక్కనే నిలబడ్డ ఎస్తేరుకి ఆ మాట చెప్పాను. ఆమె మొహం పాలిపోయింది. "నోరు కదుపుతుంటే ప్రార్థన సేత్తన్నాడనుకున్నాను మేడమ్" అంది.

ఆమె కోసం దాచుకున్న తిట్లన్నీ నోట్లోనే ఉండిపోయాయి. ఆ తర్వాత పార్కిన్సన్స్ రోగిని ఎవరు తీసుకొచ్చినా, వాళ్లు ఎంత చదివొచ్చినా, ముందు మంచం మీదికి వంగి ఆ మనిషి నోటి దగ్గర చెవి పెడుతున్నాను.