నోరారా పిలిస్తేనే

మా వదిన చేతికి మైకు ఇవ్వడం తేలిక, తిరిగి తీసుకోవడమే కష్టం. ఈ మాట నేను ఆవిడ ముందే అంటాను. ఆవిడ నవ్వుతుంది, మైకు మాత్రం ఇవ్వదు. బయటి దేశాల నుంచి మా దేశం చూడడానికి వచ్చేవాళ్ళను బస్సులో ఊరూరా తిప్పడం మా ఇద్దరి ఉద్యోగం. ఆవిడ గైడు, నేను డ్రైవరు. కంపెనీ ఒకటే, బస్సు ఒకటే, అన్నదమ్ములం వేరుపడలేదు కాబట్టి ఇల్లూ ఒకటే. పొద్దున వంటింట్లో మొదలైన వాదన సాయంత్రం ఏ కొండ మలుపులోనో తీరుతుంది. తీరనివి మర్నాటికి మిగులుతాయి.

ఆవిడ చదువుకుని గైడయిన మనిషి కాదు. మా అన్నను చేసుకుని వచ్చిన కొత్తలో బస్సులు ఆగే చోట టోపీలూ గొడుగులూ అమ్మేది. బేరమాడుతూ బేరమాడుతూ పరాయి భాషలు పట్టేసింది. ఒకరోజు గైడుకి గొంతు పోతే గొడుగులు పక్కన పెట్టి మైకు అందుకుంది. ఆ గైడుకి గొంతయితే తిరిగి వచ్చింది గానీ మైకు తిరిగి రాలేదు. ఇప్పటికీ ఎండైనా వానైనా ఒక ఎర్ర గొడుగు ఎత్తి పట్టుకుని ముందు నడుస్తుంది. జనం దాన్ని చూసుకుంటూ వెనక నడవాలి. వెనకబడ్డవాళ్ళను ఆవిడ కసిరే కసురు ఏ భాషవాళ్ళకైనా అర్థమవుతుంది.

మాది చిన్న దేశం కాదు. ఒక మూల వాన వదలకుండా కురుస్తుంటే ఇంకో మూల జనం బిందెలు పెట్టుకుని మబ్బుల వైపు చూస్తుంటారు. బస్సు ఒక పూట నడిస్తే బోర్డుల మీద అక్షరాలు మారిపోతాయి. ఇంకో పూట నడిస్తే అవుననడానికి తల ఊపే తీరే మారిపోతుంది. నాకిదంతా తలనొప్పి వ్యవహారం. టైరు పంక్చరైతే జాకీ అడగడానికి కూడా నడిరోడ్డు మీద చేతులు తిప్పి అభినయం చెయ్యాలి. ఒకసారి జాకీ అడిగితే ఒక పెద్దమనిషి నన్ను జాలిగా చూసి కుర్చీ తెచ్చి వేశాడు.

మా వదినకి అదే సంబరం. ప్రతి గుంపులోనూ ఎవరో ఒకరు ఈ దేశంలో అసలు చూడవలసిందేమిటని అడుగుతారు. ఆవిడ వాళ్ళ భాషలోనే జవాబు చెబుతుంది. విని విని నాకు కంఠతా వచ్చేసింది.

"సముద్రం మీకూ ఉంది, కొండలు మీకూ ఉన్నాయి. వాటి కోసమైతే ఇంత దూరం రానక్కర్లేదు, ఫోటో చూస్తే చాలు. ఇక్కడికి రావలసింది మనుషుల కోసం. ఇది బోలెడు గదులున్న ఇల్లు. ఈ గదివాళ్ళ మాట ఆ గదివాళ్ళకి అర్థం కాదు. అయినా ఒకటే ఇల్లు. మీరు ఏ గది తలుపు తట్టినా ముందు మంచినీళ్ళిస్తారు, ఆ తర్వాతే ఎవరని అడుగుతారు."

ఇది చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో తడి వచ్చేస్తుంది. వాళ్ళు చప్పట్లు కొడతారు. నేను హారను కొడతాను.

ఇంత చెప్పే మనిషి, సొంత కూతురి దగ్గరికి వచ్చేసరికి ఆ గదులన్నిటికీ తాళాలు వేసేసింది. చూడండి ఎక్కడ తేడా వచ్చిందో.

మా అన్న కూతురిని మేమంతా పిచ్చుక అంటాం. నర్సు చదివింది. తూర్పు తీరంలో, దేశం చివర, ఒక ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. అక్కడే పడవల ఇంజన్లు బాగుచేసే ఒక కుర్రాణ్ణి ఇష్టపడింది. కుర్రాడు బంగారం. కాకపోతే వాళ్ళ భాష వేరు, తిండి వేరు, సమస్తం వేరు. ఆ సంగతి చెప్పడానికి పిచ్చుక ఇంటికి వచ్చిన రోజు వంటింట్లో గిన్నెలు కూడా నోరు మూసుకున్నాయి.

"ముక్క అర్థం కాని ఇంట్లో రేపు నీకు తలనొప్పి వస్తే ఎవరికి చెప్పుకుంటావే?" అంది వదిన.

"నేను నర్సునమ్మా. మాత్ర వేసుకుంటాను."

"వేళాకోళమాడకు. మన మాట రానివాళ్ళతో జన్మంతా ఎలా వేగుతావు?"

"బస్సులో అందరిదీ ఒకటే ఇల్లంటావుగా. ఆ ఇల్లు టికెట్టు కొన్నవాళ్ళకేనా?"

తగలవలసిన చోటే తగిలింది. వదిన పెళ్ళికి వెళ్ళలేదు. మా అన్న గడియారాలు బాగుచేసే మనిషి, నోట్లో నాలుక లేదు. ఆయనా నేనూ వెళ్ళి అక్షింతలు వేసి వచ్చాం.

ఆ తర్వాత పిచ్చుక పిలిచింది, అల్లుడు వచ్చీరాని మాటల్లో పిలిచాడు. వదిన మెత్తబడలేదు. "పిల్లలు పిలిస్తే పిలుపా? ఆ ఇంటి పెద్దావిడ నన్ను నోరారా పిలవాలి. అప్పుడే ఆ గడప తొక్కుతాను. పిలవని పేరంటానికి వెళ్ళే మనిషిని కాను నేను" అంది. పెద్దావిడంటే పిచ్చుక అత్తగారు. ఆవిడకేమో మన భాషలో ఒక్క ముక్క రాదు. పాపం, ఒకసారి ఫోను చేసింది కూడా. అటు ఆవిడ తన భాషలో గడగడా, ఇటు మా వదిన "ఆఁ, ఆఁ". పెట్టేశాక వదిన, "పిలిచిందో తిట్టిందో ఎవరికి తెలుసు" అంటూ ఫోను బల్ల మీద పడేసింది.

ఇంతలో పిచ్చుకకి ఆడపిల్ల పుట్టింది. మా అన్న పని ఉందని చెప్పి వెళ్ళి మనవరాలిని ఎత్తుకుని వచ్చాడు. "ఆయనకేం, ఎక్కడ కూర్చోబెడితే అక్కడ కూర్చుంటారు" అంది వదిన. అలా అంటూనే ఆయన చొక్కా భుజం దగ్గర పాల మరక చూసింది. ఆ చొక్కా వెంటనే ఉతకలేదు. నా దిగులల్లా ఒకటే. ఈవిడ పట్టుదలకి పోయి ఆ పిల్ల బోర్లా పడడం, పాకడం, అమ్మమ్మా అనడం అన్నీ ఫోనులోనే చూసి సరిపెట్టుకుంటుందేమోనని. పిల్లల చిన్నతనం ఎవరి కోసమూ ఆగదు కదా.

ఈ ఏడు మా కంపెనీ దారి పొడిగించింది. ఇదివరకు కొండల దగ్గరే వెనక్కి తిరిగే బస్సు ఇప్పుడు తూర్పు తీరం దాకా, పిచ్చుక ఉండే ఊరి దాకా వెళ్ళాలి. గుంపు అక్కడే విమానం ఎక్కుతుంది. వదిన మేనేజరు దగ్గరికి వెళ్ళి తనకి ఆ ఊరి నీళ్ళు పడవంది. ఎప్పుడు తాగారని ఆయన అడిగాడు. ఆవిడ తిరిగి వచ్చేసింది.

ఈసారి గుంపులో ఒక ముసలావిడ ఉంది. ఆవిడ టోపీ నా వెనక అద్దాన్ని మొత్తం ఆక్రమించేది. టోపీ పెద్దమ్మ అని పేరు పెట్టాను. చివరి రోజు అందరూ కునుకుతుంటే వదిన ముందు సీట్లో కూర్చుని ఫోనులో మనవరాలి ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చూసుకుంటోంది. ముందు ముక్కు, తర్వాత చెవి, మళ్ళీ ముక్కు. టోపీ పెద్దమ్మ వెనక నుంచి తొంగి చూసి ఎవరని అడిగింది.

"మా అమ్మాయి కూతురు."

"ఎక్కడుంటుంది?"

వదిన అద్దంలోంచి ఎదురుగా ఉన్న రోడ్డు చూపించింది.

"అయితే ఇవాళ చూస్తావన్నమాట."

అబద్ధమాడి ఉంటే అయిపోయేది. ఎందుకో మరి, మా వదిన ఉన్నదున్నట్టు చెప్పేసింది. పిలవలేదనీ, పిలవనిదే వెళ్ళననీ. టోపీ పెద్దమ్మ శ్రద్ధగా విని, "నన్ను మీ దేశానికి ఎవరు పిలిచారు? నా అంతట నేనే వచ్చాను. ఒక్కరైనా తలుపు వేశారా?" అంది.

వదిన ఫోను సంచిలో పడేసి, అందరూ కునుకుతున్నా సరే, మైకు అందుకుని కిటికీ బయటి చెట్ల గురించి చెప్పడం మొదలుపెట్టింది.

విమానాశ్రయం దగ్గర గుంపును దించేశాక ఖాళీ బస్సును బస వైపు కాకుండా రేవు వైపు తిప్పాను. ఆవిడ రెండు వీధులు దాటాక గమనించింది.

"ఎక్కడికయ్యా?"

"బ్రేకు సరిగ్గా పడడం లేదొదినా. ఇక్కడ తెలిసిన మెకానిక్కు ఉన్నాడు."

"ఎవరతను?"

"మీ అల్లుడు."

"బస్సు ఆపు."

"బ్రేకు పడడం లేదని చెప్పానుగా."

తిట్టింది. ఆ తిట్లలో మా అన్నకీ వాటా ఉంది. కానీ తిడుతూ తిడుతూనే చంకసంచిలోంచి దువ్వెన తీసి తల దువ్వుకుంది. సందు మొదట్లో బస్సు ఆపాను, లోపలికి పట్టదు. నాలుగో ఇల్లే వాళ్ళది. ముందు వసారాలో ఒక పడవ ఇంజను ముక్కలు ముక్కలుగా పరిచి ఉంది. తీగ మీద పిచ్చుక తెల్ల యూనిఫారాలూ, వాటి మధ్య అరచేతంత గౌన్లూ ఆరుతున్నాయి. వదిన కళ్ళు ఆ గౌన్ల దగ్గరే ఆగిపోయాయి.

"నేను దిగను. నువ్వు వెళ్ళి బ్రేకు చూపించుకుని రా" అంది. గొంతు మాత్రం ఆవిడది కాదు. దిగాలని ప్రాణం కొట్టుకుంటోంది. దిగితే ఇన్నాళ్ళ పంతం ఏమైపోతుందోనని భయం.

నేను వెళ్ళి చెప్పేలోపే పెద్దావిడ బయటికి వచ్చేసింది. పొడుగు మనిషి, నెరిసిన జుట్టు ముడి, చేతులకి సబ్బు నురగ. చేతులు చీరకి తుడుచుకుంటూ సందంతా ఒక్క పరుగున వచ్చింది. ఆవిడ వెనక పిల్లని ఎత్తుకుని పిచ్చుక, ఆ వెనక పానాతో అల్లుడు. పెద్దావిడ బస్సు మెట్టు దగ్గర నిలబడి ఊపిరి కూడదీసుకుంది. ఆవిడ పెదవులు కదలడం చూస్తే ఎన్నాళ్ళుగానో వల్లె వేస్తున్న పాఠమని తెలిసిపోతోంది. తర్వాత ముఖమంతా నవ్వు చేసుకుని, అక్షరం అక్షరం విడదీసి గట్టిగా అంది:

"పొండి వదినగారూ. పొండి, పొండి."

పిచ్చుక నెత్తి కొట్టుకుంది. ఇన్నాళ్ళు పిలుపు కోసం కూర్చున్న మనిషికి దొరికిన పిలుపు ఇదా అనుకున్నాను. దిగనంటూనే మెట్టు దాకా వచ్చిన వదిన అక్కడే ఆగిపోయింది. కానీ పెద్దావిడ అప్పటికే ఆవిడ మణికట్టు పట్టుకుని కిందికి లాగుతోంది. నోరు పొమ్మంటోంది, చెయ్యి రమ్మంటోంది.

"ఏమే, నువ్వు నేర్పిందేనా ఇది?" అని వదిన కూతుర్ని అడిగింది.

"నేను రండి అనే నేర్పానమ్మా. ఆవిడే వద్దంది."

"ఎందుకు వద్దంది?"

"రండి అని పాలవాడితోనూ అంటావు, మీటరు చూసేవాడితోనూ అంటావు, ఆ మాట వదినగారికి ఏం సరిపోతుందంది. నేను మీ అల్లుడితో నవ్వుతూ ఒక మాట అంటానట, అన్నిటికంటే ప్రేమైన మాట అదేనట. అదే చెబుతానంది. నేను ఎంత చెప్పినా వినలేదమ్మా."

"పొండి అని ఎప్పుడంటావే?" అని అడిగాను నేను, బుద్ధి లేక. పిచ్చుక ముఖం ఎర్రగా చేసుకుని పిల్ల నెత్తి మీద ముద్దు పెట్టుకుంది. అల్లుడు పానా వైపు చూసుకున్నాడు. అప్పుడు వెలిగింది నాకు. "అబ్బ, పొండి" అని మన ఆడవాళ్ళు మొగుళ్ళతో ఎప్పుడంటారో, ఎలా అంటారో నేను చెప్పక్కర్లేదు. మా ఆవిడా అనేది, కొత్తలో. పెద్దావిడ వంటింట్లోంచి ఆ మాట వింది, ఆ నవ్వు వింది. అర్థం ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తనే కట్టుకుంది. తప్పు కట్టుకుందని నేనైతే అనలేను.

వదిన ముందు నోరు నొక్కుకుంది. ఆ తర్వాత నవ్వు ఆగలేదు. బస్సు కమ్మీ పట్టుకుని, ఒంగిపోయి, కళ్ళవెంట నీళ్ళు కారేలా నవ్వింది. ఎక్కడో మధ్యలో అది ఏడుపైపోయింది. పెద్దావిడ బెదిరిపోయి కోడలి వంక చూసింది. వదిన ఆవిడ రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది.

"పోతున్నా వదినగారూ, పోతున్నా" అంటూ దిగి, సందంతా నడిచి, ఆ గడప దాటి లోపలికి పోయింది.

మంచినీళ్ళు వచ్చాయి. ఆ తర్వాత పిల్ల వచ్చింది. అమ్మమ్మ ఒళ్ళో పడగానే అది చేసిన మొదటి పని ఆవిడ ముక్కు పట్టుకోవడం. ఫోటోలో చూసుకున్న ముక్కుకి బదులు తీర్చుకుంటోందన్నాను. ఎవరూ వినలేదు. వియ్యపురాళ్ళిద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడేసుకుంటున్నారు. ఈవిడ పిల్ల జుట్టు గురించి అంటుంటే ఆవిడ నీళ్ళ పంపు చూపించి ఏదో చెబుతోంది. ఇద్దరూ అవునవునని తల ఊపుతున్నారు, అదీ చెరో రకంగా. అల్లుడు నా బస్సు కింద దూరి బ్రేకులు చూసి, బ్రహ్మాండంగా ఉన్నాయని సైగ చేశాడు. నాకు తెలుసని నేనూ సైగ చేశాను.

పొద్దు వాలుతుంటే బయల్దేరదామా అని అడిగాను. వదిన పిల్లని భుజాన మార్చుకుంది. "నువ్వెళ్ళు. మీ అన్నయ్యని తీసుకుని రా. మేనేజరుకి నేను ఫోను చేసుకుంటాను" అంది.

పిచ్చుక తల్లి పక్కన వచ్చి కూర్చుంది. ఆ అడగడంలో ఎంత ఆశ ఉందో, ఎంత భయం ఉందో నాకు వినిపించింది.

"ఎన్నాళ్ళుంటావమ్మా?"

వదిన కూతురి తల తన భుజానికి ఆనించుకుంది.

"మీ అత్తగారు నాతో రండి అన్న రోజున వెళ్ళిపోతాను. ఆవిడకి ఆ మాట దిద్దావంటే మాత్రం నీ వీపు విమానం మోతే."