రాజమణి కూత

రాజంపేటలో రాజమణి ఊపిరి గురించి మాట్లాడని మనిషి లేడు. మెల్లగా నడువు, దుమ్ములోకి పోకు, గట్టిగా నవ్వకు అంటూ, ఆమె ఛాతీ ఊరి ఉమ్మడి ఆస్తి అయినట్లు తలా ఒక సలహా పడేసేవాళ్ళు. ఏళ్ళ తరబడి బీడీల చాట ఒళ్ళో పెట్టుకొని తంబాకు దుమ్ము పీల్చింది కదా, దమ్ము పట్టుకుంది. మన దగ్గర ఆయాసాన్నీ దమ్మే అంటారు, గుండెధైర్యాన్నీ దమ్మే అంటారు. మొదటిది వచ్చింది కాబట్టి రెండోది పోయిందనుకున్నారు మహానుభావులు!

అత్త ముత్తవ్వ అయితే మరీను. "ఊపిరుంటే ఉప్పమ్ముకొని బతుకుతం బిడ్డా, నువ్వు కూసో" అని బీడీలు మాన్పించింది. మంచిదే. తర్వాత బతుకమ్మ ఆట మాన్పించింది, పెళ్ళి బరాత్‌లో చిందెయ్యడం మాన్పించింది. ప్రేమే, కాదనను. కానీ మనిషిని కదలనివ్వని ప్రేమలో ఊపిరాడదు.

బడిలో ఉన్నప్పుడు రాజమణి కబడ్డీ ఆడేది. అందుకే ఎల్లారెడ్డిలో మహిళా సంఘాలకు ఆటల పోటీలు పెడుతున్నారని తెలియగానే పోయి పేరు ఇచ్చింది. జట్టును నడిపే సాయిలత ఆమె అక్క కూతురే. చిన్నమ్మ పేరు చూసి బిత్తరపోయింది. రాజమణి అప్పటికే కామారెడ్డి డాక్టరమ్మను అడిగి వచ్చింది. "ఆటకు ముందు మందు పంపు పీల్చు, ఛాతీ పట్టేస్తే ఆపెయ్" అని ఆమె ఒప్పుకుంది. ముత్తవ్వే ఓ పట్టాన ఒప్పుకోలేదు, చివరికి ఒక షరతు పెట్టింది.

"నడిమిట్ల కూత తెగి కూలవడ్డవా, ఇగ గడప దాటుడు బంద్!"

"సరే అత్తా" అంది రాజమణి. ముత్తవ్వ కూడా జట్టు వెంట ఎల్లారెడ్డికి బయలుదేరింది, కోడల్ని తిరిగి తోలుకురావడానికి.

ఫైనల్లో బీర్కూర్ జట్టు ఎదురైంది. పాయింట్లు సమానం. ఆఖరి కూత. రాజంపేట వైపు ఔట్ కాకుండా మిగిలింది రాజమణి ఒక్కతే.

"కబడ్డీ కబడ్డీ" అంటూ నడిమి గీత దాటింది. బీర్కూర్ వాళ్ళు తెలివైనవాళ్ళు, దగ్గరికి రాలేదు. ఆటకు ముందు ఆమె పంపు పీల్చడం చూశారు కదా, దమ్ము మనిషి, ఎంతసేపు కూస్తుందిలే అని వెనక గీత దాకా జరిగి నిలబడ్డారు. కాసేపటికి రాజమణి ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. మైదానం పక్కన ముత్తవ్వ ఊపిరి బిగబట్టింది.

"ఒడిసింది! పట్టుండ్రి!" అని బీర్కూర్ బాలలక్ష్మి అరిచింది.

అక్కడే పప్పులో కాలేశారు. పిల్లికూతలు వినబడితే ఊపిరి అడుగంటిందని వాళ్ళ లెక్క. రాజమణికి ఆ చప్పుడు రోజూ ఇంటికొచ్చే చుట్టం. అది వచ్చాక లోపల ఇంకా ఎంత మిగిలి ఉంటుందో ఆమెకు తెలుసు. వేడి చాయ్ ఊదుకున్నట్లు పెదాలు ముడిచి కొంచెం కొంచెంగా ఊపిరి వదలడం డాక్టరమ్మ ఎప్పుడో నేర్పింది. కూతను కూడా అలాగే సన్నగా సాగదీసుకుంటూ వచ్చింది.

బీర్కూర్ వైపు మిగిలిన నలుగురూ ఒక్కసారే మీద పడ్డారు. ఒకరు కాలు దొరకబుచ్చుకున్నారు, ఒకరు నడుము. రాజమణి బోర్లా పడింది. కూత మాత్రం తెగలేదు. మట్టిలో మోచేతుల మీద పాకి, చెయ్యి చాచి నడిమి గీతను తాకింది. పట్టుకున్న నలుగురూ ఔట్!

ఈల మోగింది. ముత్తవ్వ ముక్కూ మొహం తెలియని ఒకాయన భుజాలు పట్టుకొని "గది మా కోడలు! మా కోడలే!" అని ఊపేసింది. సాయిలత పంపు పట్టుకొని ఉరికింది. గీత మీద పడుకున్న రాజమణి ఇంకా "కబడ్డీ, కబడ్డీ" అంటూనే ఉంది.

"గెలిచినం చిన్నమ్మా! ఇగ ఆపు!"

రాజమణి చెయ్యెత్తి ఆగమంది. కూత దానంతట అదే అయిపోయేదాకా కూసింది. అప్పుడు పంపు అందుకొని, నిండా పీల్చి, లేచి కూర్చుంది. ముఖమంతా మట్టి, మట్టి మధ్య నవ్వు.

"నా ఊపిరి యాడ ఒడుస్తదో ఇన్నేండ్లు మీరే చెప్పిండ్రు గదనే" అంది. "ఇయ్యాల నేను చెప్తున్న."